అమ్మ వాటా ఏ దేశంలో ఎంత?

ప్రశ్న: మా అన్నయ్య పదకొండేళ్ల క్రితం ఉద్యోగం మీద ఇంగ్లండ్ వెళ్లాడు. పెళ్లికి ముందు నాలుగేళ్లు అమెరికాలో పనిచేశాడు. కొద్ది నెలల క్రితం గుండెపోటుతో హఠాత్తుగా పోయాడు. వీలునామా రాయలేదు. వదిన, ఇద్దరు మైనర్ పిల్లలు ఇంగ్లండ్‌లోనే ఉన్నారు. అక్కడ ఒక ఇల్లు, బ్యాంకులో డబ్బు ఉన్నాయి. ఇండియాలో తన సంపాదనతో కొన్న ఫ్లాటు, కొన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉన్నాయి. డిపాజిట్లకు నామినీ అమ్మ. అమెరికాలోని 401కె రిటైర్‌మెంట్ ఖాతాకు కూడా అప్పట్లో అమ్మ పేరే ఇచ్చానని చెప్పేవాడు. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన కూడా వీలునామా రాయలేదు. ఆయన స్వార్జితంతో కట్టిన ఇల్లు ఇప్పటికీ ఆయన పేరు మీదే ఉంది, అందులో అమ్మా నేనూ ఉంటున్నాం. అన్నయ్య నెలనెలా పంపే డబ్బుతోనే అమ్మ గడుపుకొనేది. "ఇంగ్లండ్ చట్టం ప్రకారం మీ అమ్మగారికి పైసా రాదు" అని వదిన తమ్ముడు ఫోనులో చెప్పాడు. ఇక్కడి బంధువులేమో "తల్లికి భార్యతో సమానంగా వాటా ఉంటుంది" అంటున్నారు. ఎవరి మాట నిజం? మేము హిందువులం. నేను ఉద్యోగం చేసుకుంటున్నాను, భర్త లేరు, పిల్లలు లేరు.

సమాధానం: ఇద్దరి మాటా నిజమే. చిక్కల్లా ఎక్కడంటే, వదిన తమ్ముడు ఇంగ్లండ్‌లోని ఇంటి గురించి మాట్లాడుతున్నాడు, మీ బంధువులు ఇండియాలోని ఫ్లాటు గురించి మాట్లాడుతున్నారు. "అన్నయ్య ఆస్తి" అని మీరు ఒక్క మూటగా కట్టి అడిగారు గానీ, వీలునామా లేకుండా పోయినవారి ఆస్తి సరిహద్దులు దాటితే ఒక మూటగా మిగలదు. ఏ ముడి విప్పితే అందులో ఏ దేశపు చట్టం ఉందో చూసుకోవాలి. కాబట్టి ఒక్కొక్కటే విప్పుదాం.

ముందు ఇంగ్లండ్‌లోని ఇల్లు. ఇల్లు, పొలం, స్థలం వంటి స్థిరాస్తికి అది ఉన్న చోటి చట్టమే వర్తిస్తుందన్నది ఇంగ్లండ్‌లోనూ ఇండియాలోనూ ఒకటే సూత్రం. అయితే చట్టం దాకా వెళ్లే ముందు ఆ ఇల్లు ఎవరి పేర ఉందో తెలుసుకోండి. భార్యాభర్తలిద్దరి పేరా ఉమ్మడిగా, అంటే ఒకరు పోతే రెండోవారికి మొత్తం దక్కే పద్ధతిలో కొని ఉంటే, అన్నయ్య పోయిన క్షణానే అది వదినది అయిపోయింది. వారసత్వం లెక్కలోకే రాదు. అన్నయ్య ఒక్కడి పేరే ఉంటే లెక్క వేరు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2023 జూలై 26 తర్వాత పోయినవారి విషయంలో ఇంట్లోని సామాను, కారు వంటివి కాక మొదటి 3,22,000 పౌండ్లు జీవిత భాగస్వామికి వెళ్తాయి. మిగిలినదానిలో సగం కూడా ఆమెదే, రెండో సగం పిల్లలది. ఉదాహరణకు అప్పులు పోను ఇంటి విలువ 5,00,000 పౌండ్లనుకోండి. 3,22,000 తీసేస్తే 1,78,000 మిగులుతుంది. అందులో సగం 89,000 వదినకు, 89,000 పిల్లలిద్దరికీ. పిల్లల డబ్బును వాళ్లకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ట్రస్టుగా కాపాడాలి. తల్లికి సున్నా. అన్నయ్యకు పిల్లలు లేకపోయినా సున్నానే. 2014 అక్టోబరుకు ముందు, పిల్లలు లేకుండా పెద్ద ఆస్తి వదిలి పోయినవారి తల్లిదండ్రులకు అక్కడ కొంత చోటుండేది. చట్టం మార్చి దాన్నీ తీసేశారు.

ఇండియాలోని ఫ్లాటుకు హిందూ వారసత్వ చట్టం, 1956. స్వార్జితమైన ఆస్తి కాబట్టి మొదటి తరగతి వారసులందరికీ తలా ఒక వాటా: భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. నలుగురికి నాలుగు పావులు. మీ అమ్మగారికి రావలసినది ఎవరి దయా కాదు, వదినతో సమానమైన హక్కు. ఈ చట్టంలో ఒక విచిత్రం ఉంది. తల్లిని మొదటి తరగతిలో కూర్చోబెట్టి, తండ్రిని రెండో తరగతికి నెట్టారు. మీ నాన్నగారు బతికి ఉండి అమ్మగారు ముందే పోయి ఉంటే, కొడుకు ఫ్లాటులో ఆయనకు గజం కూడా వచ్చేది కాదు.

ఇక డబ్బు. మీ ఉత్తరంలో అసలైన చిక్కు ఇదే, దీని గురించి మీ బంధువులకు గానీ వదిన తమ్ముడికి గానీ తెలిసి ఉండదని పందెం కాస్తాను. బ్యాంకు డిపాజిట్లు, షేర్లు వంటి చరాస్తికి అది ఉన్న చోటి చట్టం కాదు, పోయిన మనిషి డొమిసైల్ ఏ దేశమో ఆ దేశపు చట్టం వర్తిస్తుంది. ఇండియా కోర్టులూ ఇంగ్లండ్ కోర్టులూ ఈ మాటే అంటాయి. డొమిసైల్ అంటే పాస్‌పోర్టు కాదు, వీసా కాదు, పన్ను కట్టే చోటూ కాదు. పుట్టుకతో తండ్రి నుంచి వచ్చే శాశ్వత నివాస బంధం అది. మరో దేశంలో ఉంటూ, ఇక ఇక్కడే ఎప్పటికీ ఉండిపోతానని మనసులో నిశ్చయించుకున్నప్పుడే అది మారుతుంది. పదకొండేళ్లు ఉన్నంత మాత్రాన మారదు, ముప్పై ఏళ్లున్నా మారకపోవచ్చు. పోయినవాడి మనసులో ఏముందో బతికున్నవాళ్లు కాగితాలతో రుజువు చేయాలి. అన్నయ్య అక్కడి పౌరసత్వం తీసుకున్నాడా? ఇండియాలో ఫ్లాటు కొన్నది ఉండటానికా, అద్దెకివ్వటానికా? "పిల్లల చదువులు కాగానే వచ్చేస్తా" అని అమ్మకు పంపిన సందేశాలు ఫోనులో ఉన్నాయా? ఉంటే చెరిపేయకండి. మీకు ఇప్పుడు వాటికంటే విలువైన దస్తావేజులు లేవు.

ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్ 6 నుంచి వారసత్వ పన్నుకు డొమిసైల్‌ను పక్కన పెట్టి, ఎన్నేళ్లు ఉన్నారన్న లెక్కను పట్టుకున్నారు. దాంతో "ఇప్పుడు డొమిసైల్ అనేదే లేదండీ" అని అక్కడి అకౌంటెంట్ ఎవరైనా అనవచ్చు. పన్ను వరకే ఆ మాట చెల్లుతుంది. ఎవరు వారసులన్న ప్రశ్నకు డొమిసైల్ ఇంకా బతికే ఉంది.

దీని ఫలితం చూడండి. అన్నయ్య డొమిసైల్ ఇండియాయే అని తేలితే, ఇక్కడి డిపాజిట్లలోనే కాదు, ఇంగ్లండ్ బ్యాంకులో ఉన్న డబ్బులోనూ అమ్మగారికి పావు వాటా వస్తుంది. డొమిసైల్ ఇంగ్లండ్ అని తేలితే, ఇక్కడి డిపాజిట్లు కూడా ఇంగ్లండ్ లెక్క ప్రకారం వెళ్తాయి, అమ్మగారికి వాటిలో వాటా ఉండదు. అయితే అప్పుడు మరో తలుపు తెరుచుకుంటుంది. అక్కడ 1975లో వచ్చిన ఒక చట్టం కింద, పోయిన మనిషి పోషణ మీద ఆధారపడి బతుకుతున్నవారు ఆ ఆస్తి నుంచి తమకు తగిన ఏర్పాటు చేయమని కోర్టును అడగవచ్చు. నెలనెలా వచ్చిన డబ్బుకు బ్యాంకు స్టేట్‌మెంట్లు మీ దగ్గర ఉంటాయి. కానీ ఈ తలుపు ఇంగ్లండ్, వేల్స్‌లలో డొమిసైల్ ఉన్నవారి ఆస్తికే తెరుచుకుంటుంది. పైగా ఆస్తి నిర్వహణకు కోర్టు అనుమతి పత్రం, అంటే గ్రాంటు వెలువడిన ఆరు నెలల్లోపే అడగాలి. అంటే మీరు రెండు వాదనలూ ఒకేసారి చేయలేరు. అన్నయ్య ఇండియా మనిషే అంటే పావు వాటా, ఇంగ్లండ్ మనిషే అంటే పోషణ దావా. ఏది లాభమో డిపాజిట్లు ఎంతో తెలిశాకే చెప్పగలం. తెలియకముందే వదినకు ఉత్తరాల్లో ఏ దేశం మనిషో రాసేసి చేతులు కట్టేసుకోకండి.

అటు వదినకూ ఈ చీలిక కలిసిరావచ్చు. 1986లో ఇంగ్లండ్ హైకోర్టు ముందుకు వచ్చిన ఒక తగాదాలో పోయిన వ్యక్తి డొమిసైల్ ట్రినిడాడ్. అతని భార్యకు అక్కడి ఆస్తి నుంచి పెద్ద మొత్తం ముట్టింది. అయినా ఇంగ్లండ్‌లోని స్థిరాస్తి మీద ఆమెకు అక్కడి చట్టం ఇచ్చే మొదటి మొత్తం కూడా రావలసిందేనని కోర్టు తేల్చింది. ఒక దేశంలో తీసుకున్నారు కదా అని మరో దేశం మినహాయించుకోలేదు. మీ వదిన విషయంలోనూ ఇలాగే జరగవచ్చు. ఇండియాలో పావు, ఇంగ్లండ్‌లో మొదటి 3,22,000. వినడానికి అన్యాయంగా ఉన్నా చట్టబద్ధమే.

డిపాజిట్లకు అమ్మ నామినీ కదా, ఆ డబ్బంతా ఆమెదే కాదా అని మీరు అడగలేదు గానీ, మనసులో ఉండే ఉంటుంది. కాదు. నామినీ అంటే బ్యాంకు ఎవరి చేతిలో డబ్బు పెడితే దాని బాధ్యత తీరుతుందో ఆ మనిషి. ఆ చేయి వారసుల తరఫున పట్టుకున్న చేయి మాత్రమే. బ్యాంకు ఖాతాల విషయంలో 2010లో, షేర్ల విషయంలో 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. అమ్మగారు డబ్బు తీసుకోవచ్చు, ఖర్చు పెట్టేస్తే మాత్రం రేపు లెక్క చెప్పాల్సి వస్తుంది.

అమెరికాలో కథ తిరగబడుతుంది. అక్కడ రిటైర్‌మెంట్ ఖాతాలో రాసిన పేరు ఉత్త చేయి కాదు, ఆ మనిషే యజమాని. ఆ డబ్బు వారసత్వ చట్టం దరిదాపులకే రాదు. ఈ ముక్క వినగానే సంబరపడకండి. 401కె ఖాతాలకు అక్కడి కేంద్ర చట్టం మరో రక్షణ పెట్టింది: పెళ్లయ్యాక భార్య లిఖితపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప ఆ డబ్బు మొదట ఆమెదే. పెళ్లికి ముందు రాసిన అమ్మ పేరు పెళ్లితో వెనక్కు పోయినట్టే లెక్క. అన్నయ్య ఉద్యోగం మానేశాక ఆ సొమ్మును సొంత రిటైర్‌మెంట్ ఖాతాకు, అంటే ఐఆర్ఏకి మార్చుకుని, అక్కడా అమ్మ పేరే రాసి ఉంటే ఈ రక్షణ సాధారణంగా వర్తించదు. ఖాతా పేరు ఏమిటో కనుక్కోండి, జవాబు అందులోనే ఉంది.

మీరు అడగని, అన్నిటికంటే ముందు అడగాల్సిన విషయం నాన్నగారి ఇల్లు. మీరు దాన్ని అమ్మదీ మీదీ అనుకుంటున్నట్టు ఉత్తరం ధోరణిలో కనిపించింది. నాన్నగారు పోయిన రోజున ఆ ఇల్లు మూడు భాగాలైంది: అమ్మ, అన్నయ్య, మీరు. అన్నయ్య పోయిన రోజున అతని మూడో వంతు మళ్లీ నాలుగైంది. మొత్తం పన్నెండు భాగాలనుకుంటే అమ్మగారికి ఐదు, మీకు నాలుగు, వదినకు ఒకటి, పిల్లలకు చెరొకటి. రేపు ఆ ఇల్లు అమ్మాలంటే వదిన సంతకం కావాలి. పిల్లల భాగాలకు వాళ్ల తల్లి సంతకం చాలదు, మైనర్ల స్థిరాస్తి అమ్మడానికి కోర్టు అనుమతి తప్పనిసరి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంలో ఎవరి పేరు మరిచిపోయినా ఆ హక్కు పోదు, తర్వాతి కొనుగోలుదారు లాయరు దాన్ని తవ్వి తీస్తాడు.

"ఏ దేశపు చట్టం వర్తిస్తుంది" అని మీరు అడిగింది మీ ఇంటి కోసమే అయినా, తల్లి వాటా ఏ దేశంలో ఎలా ఉందో చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. తల్లిని భార్యాపిల్లలతో ఒకే వరుసలో కూర్చోబెట్టే చట్టాలు తక్కువ. హిందూ చట్టం ఒకటి. చైనా మరొకటి: 2021లో అమల్లోకి వచ్చిన వాళ్ల పౌర స్మృతిలో భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు అంతా మొదటి వరుసే. అంతటితో ఆగకుండా, భర్త పోయాక కూడా అత్తమామలను ప్రధానంగా తానే చూసుకున్న కోడలికి వాళ్ల ఆస్తిలో మొదటి వరుస వారసత్వం ఇచ్చింది. భార్య పోయిన అల్లుడికీ అంతే. రక్తం చూడకుండా సేవ చూసే ఆ ఒక్క నిబంధన నాకు మహా ఇష్టం. ఇస్లామిక్ వారసత్వ సూత్రాల్లో కూడా తల్లిని విస్మరించలేరు: పిల్లలున్న మనిషి పోతే తల్లికి ఆరో వంతు, భార్యకు ఎనిమిదో వంతు. తల్లి వాటా భార్య వాటా కంటే పెద్దది కావడం అరుదైన విషయం.

చాలా చోట్ల పిల్లలుంటే తల్లి గడప బయటే. జపాన్‌లో భార్యకు సగం, పిల్లలకు సగం. పిల్లలు లేకపోతేనే తల్లిదండ్రులు లోపలికి వస్తారు, మూడో వంతుతో. సింగపూర్‌లోనూ సగం సగమే. అక్కడ పిల్లలు లేకపోతే తల్లిదండ్రులకు సగం, ముస్లింలకు లెక్క వేరు. ఫ్రాన్స్‌లో పిల్లలు లేకపోతే తల్లికి పావు, తండ్రికి పావు. పిల్లలుండి, వాళ్లంతా ఆ దంపతుల పిల్లలే అయితే భార్య ఎంచుకోవచ్చు: పావు ఆస్తి సొంతంగా తీసుకుంటుందా, లేక మొత్తం మీద జీవితకాలం అనుభవ హక్కు తీసుకుంటుందా అని. అదే ఫ్రాన్స్‌లో 2001 నాటి సంస్కరణకు ముందు భార్య స్థానం చాలా కింద ఉండేది. స్వీడన్‌లో దంపతుల ఉమ్మడి పిల్లలు బతికున్న తల్లో తండ్రో పోయేదాకా ఆగాల్సిందే. అక్కడ చిన్నాన్న పిల్లలకూ మేనత్త పిల్లలకూ వారసత్వమే లేదు, దగ్గరివాళ్లు లేని ఆస్తి ప్రభుత్వ వారసత్వ నిధికి పోతుంది. యూఏఈలో ముస్లిమేతరులకు 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్న చట్టం సగం భార్యకో భర్తకో, సగం పిల్లలకు ఇస్తుంది, కొడుకూ కూతురూ సమానమే. అమెరికా అని ఒక్క మాటలో చెప్పలేం, రాష్ట్రానికొక లెక్క. న్యూయార్క్‌లో భార్యకు మొదటి 50,000 డాలర్లు, మిగిలినదానిలో సగం. ఫ్లోరిడాలో పిల్లలంతా ఇద్దరికీ పుట్టినవాళ్లే అయి, ఆమెకు వేరే పిల్లలు లేకపోతే మొత్తం ఆమెదే.

అప్పుల గురించి కూడా ఒక మాట. ఇండియాలో, ఇంగ్లండ్‌లో పోయినవారి అప్పులు వాళ్లు వదిలిన ఆస్తి వరకే, మీ జేబులోంచి కట్టనక్కరలేదు. జర్మనీలో అయితే వారసుడు ఆస్తితోపాటు అప్పునూ నెత్తినెత్తుకున్నట్టే. వద్దనుకుంటే తెలిసిన ఆరు వారాల్లో, వారసుడు విదేశంలో ఉంటే ఆరు నెలల్లో, వద్దని చెప్పేయాలి. జపాన్‌లో మూడు నెలల గడువు. మీ కేసులో ఆ దేశాలు లేవు, అదృష్టం.

ఉత్తరం చివర మీరు ముక్తసరిగా రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. భర్త లేరు, పిల్లలు లేరు, సొంత సంపాదన ఉంది. మీరు కూడా వీలునామా లేకుండా పోతే ఏమవుతుందో తెలుసా? హిందూ చట్టంలో మగవాడి వారసత్వం ఒక సెక్షన్, ఆడదాని వారసత్వం మరో సెక్షన్. నాన్నగారి ఇంట్లో మీకు వచ్చిన భాగం నాన్నగారి వారసులకు తిరిగి వెళ్తుంది. మీరు ఉద్యోగం చేసి కూడబెట్టినది మాత్రం మీ తల్లికంటే ముందు మీ భర్త వారసులకు వెళ్తుంది. పెళ్లయిన కొద్ది నెలలకే భర్తను పోగొట్టుకుని, పుట్టింటి అండతో చదువుకుని, ఉద్యోగం చేసిన ఒక స్త్రీ సొమ్ము విషయంలో 2009లో సుప్రీంకోర్టు సానుభూతి తీర్పుకు ఆధారం కాదంటూ అత్తింటివారికే ఇచ్చింది. కొడుకు ఆస్తిలో తల్లికి పావు ఇచ్చిన చట్టమే కూతురి ఆస్తిలో తల్లిని వెనక్కు నెట్టింది. ఒక తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. ఈ వారమే రాయండి.

ఇప్పుడు చేయాల్సినవి. ఇంగ్లండ్ భూమి రిజిస్ట్రీలో ఏ ఇంటి పత్రం నకలునైనా చిన్న రుసుముతో ఎవరైనా ఇంటర్నెట్‌లో తీసుకోవచ్చు. అందులో యజమానుల పేర్లు చూడండి. ఇద్దరి పేర్లుండి, ఒక్కరే మిగిలితే వాళ్లొక్కరే ఇల్లు అమ్మిన సొమ్ము అందుకోరాదన్న ఆంక్ష ఏదీ నమోదై లేకపోతే, మామూలుగా అది ఒకరి తర్వాత ఒకరికి దక్కే ఉమ్మడి పద్ధతే. ఆ ఇంటి మీద ఆశ వదులుకోండి. అక్కడ గ్రాంటు వెలువడిందో లేదో కూడా బయటివారు వెతికి చూడవచ్చు, ఆరు నెలల గడియారం ఆ తేదీ నుంచే తిరుగుతుంది కాబట్టి ఇది రేపటికి వాయిదా వేయకండి. ఇక్కడి డిపాజిట్లకు సక్సెషన్ సర్టిఫికెట్, అంటే వారసులకు కోర్టు ఇచ్చే ధ్రువపత్రం, అడిగితే వదిననూ పిల్లలనూ వారసులుగా చూపించండి, దాచకండి. అన్నయ్య మరణ ధ్రువీకరణ పత్రానికి అపోస్టిల్ ముద్ర, అంటే ఒక దేశపు పత్రం మరో దేశంలో చెల్లేలా వేసే ముద్ర, వేయించి పంపమని వదినను అడగండి, దాన్ని ఇక్కడి కార్యాలయాలు అంగీకరిస్తాయి.

వదినకు మీ అమ్మగారి మీద ప్రేముంటే చేయగలిగినవి ఉన్నాయి. అన్నయ్య పోయిన రెండేళ్లలోపు ఆమె తన వాటాలో కొంత అత్తగారికి మళ్లిస్తూ దస్తావేజు రాస్తే, ఇంగ్లండ్ పన్ను చట్టం దాన్ని అన్నయ్యే ఇచ్చినట్టుగా చూస్తుంది. నాన్నగారి ఇంట్లో తన పన్నెండో వంతుకు రిజిస్టరు చేసిన హక్కు విడుదల దస్తావేజు ఇవ్వవచ్చు. అది ఆమె వాటా వరకే, పిల్లల వాటా ఆమె వదులుకోలేదు, మీరూ అడగకూడదు. ఇవన్నీ మాట్లాడటానికి ఈసారి ఫోను వదినకే చేయండి, ఆమె తమ్ముడికి కాదు.